ఎండాకాలం వస్తే దిగుతుందిలే అన్నాను

మా మనవడి జబ్బును ఈ ఇంట్లో మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేనే. డాక్టర్లకన్నా ముందు, కన్నతల్లికన్నా ముందు నా కన్నే పట్టింది. పట్టదా మరి? వేంపల్లె చుట్టుపక్కల సంతల్లో జీవితమంతా గొర్రెలకూ పొట్టేళ్ళకూ బేరాలు కుదిర్చిన దలారిని. కట్టేసిన పొట్టేలు వెనకగా నడిచిపోతూ ఒక్క చూపు చూస్తే చాలు, దాని పళ్ళెన్నో, కడుపులో పురుగులున్నాయో లేవో, మందలో వదలడానికి పనికొస్తుందో కూరకే పనికొస్తుందో చెప్పేసేవాణ్ణి. నా చేయి పడ్డ బేరం తప్పిందని అన్నవాడు లేడు. అలాంటి కంటికి ఏడాది పిల్లవాడి ఒంట్లో తేడా దాగుతుందా?

ఆ రోజు మేమంతా మంత్రాలయంలో ఉన్నాం. మనవడు నందుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పోయాం. మా కొడుకు రమణ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడు. కోడలు పద్మ వేంపల్లెలో ఒక షాపులో బట్టలు కుడుతుంది. వాళ్ళిద్దరూ, నేనూ, నా భార్య ఓబుళమ్మా. చలికాలం పొద్దున. గుండు చేయించి తుంగభద్రలో ముంచి తీస్తే వాడు నదికి అవతల ఒడ్డు దాకా వినపడేట్టు ఏడ్చాడు. పొడిగుడ్డతో తుడుస్తుంటే నేను చూశాను. మొలతాడు కింద వృషణాల సంచి ముడుచుకుపోయి, రెండు వైపులా ఖాళీగా ఉంది. "పిల్లోన్ని డాక్టరుకు చూపించాల, పాండి" అని అక్కడికక్కడే చెప్పేశాను.

ఇంతవరకు రాసి, మళ్ళీ చదువుకుని, కొంచెంసేపు సంతోషపడ్డాను. ఇలాగే జరిగి ఉంటే ఎంత బాగుండేది!

చూసింది నేను కాదు, ఓబుళమ్మ. తడిగుడ్డ పిండుతూ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, ఇట్ల రా. పిల్లోనికి ఈడ చేతికేమీ తగలల్యా, చూడు."

నేను దూరం నుంచే నవ్వాను. "యాడికి పోతాయే? చన్నీళ్ళకు పైకెక్కింటాయి. చలికాలం పొట్టేళ్ళకు చూడలేదా నువ్వు?"

"పిల్లోడు పొట్టేలు గాదు గదయ్యా."

"మొగపుటక ఏదైనా ఒకటేలే."

మెట్ల మీద స్నానం చేస్తున్నవాళ్ళు నవ్వారు. నలుగురు నవ్వితే నాకు ఇంకో నాలుగు మాటలు వస్తాయి. వచ్చాయి కూడా. నవ్వనిది పద్మ ఒక్కతే. బిడ్డను గుడ్డలో చుట్టుకుని, అత్త చెవి దగ్గర మెల్లగా అంది: "నేను దినామూ నీళ్ళు పోస్తాండా గదత్తా. ఎడమ పక్క ఒకోసారి తగుల్తాది, ఒకోసారి తగలదు. కుడి పక్క ఎప్పుడూ తగల్లేదు. చెప్తే ఏమంటారోనని ఊరకుండినా."

అంటే నా కంటే ముందు ఓబుళమ్మ, ఓబుళమ్మ కంటే ఎన్నో నెలల ముందు పద్మ. వరసలో ఆఖరివాణ్ణి నేను.

తిరుగు ప్రయాణంలో కర్నూలులో ఓబుళమ్మ చెల్లెలి ఇంట్లో దిగాం. డాక్టరుకు చూపించి తీరాలని పద్మ పట్టుబట్టింది. పెళ్ళయి వచ్చిన తర్వాత ఆ పిల్ల పట్టుబట్టడం నేను చూసింది అదే మొదటిసారి. పిల్లల సర్జన్ దగ్గరికి పోయాం. నడివయసు ఆడమనిషి. బిడ్డను ముట్టుకునే ముందు రెండు అరచేతులూ బాగా రుద్దుకుంది. "చేతులు చల్లగా ఉంటే ఉన్నది కూడా దాక్కుంటుంది" అని నవ్వింది. ఆ మాట నాకు భలే నచ్చింది. చూశారా, నేను చెప్పిందే కదా అనుకున్నాను.

పరీక్ష చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి, నిదానంగా చెప్పింది. ఆమె చెప్పింది ఇక్కడ జాగ్రత్తగా రాస్తున్నాను. అప్పుడు జాగ్రత్తగా వినలేదు కాబట్టి.

"ఇక్కడ క్రిమాస్టర్ అని సన్నని కండరం ఉంటుంది పెద్దాయనా. చలేసినా, భయమేసినా వృషణాన్ని పైకి లాగేస్తుంది. వెచ్చబడితే వదిలేస్తుంది. పిల్లల్లో ఈ కండరం బాగా చురుగ్గా ఉంటుంది. మీవాడికి ఎడమ వైపు జరుగుతున్నది అదే. దాన్ని రిట్రాక్టైల్ అంటాం. ఎక్కుతుంది, దిగుతుంది. దానికి ఇప్పుడు ఏమీ చేయక్కర్లేదు, ఏటా ఒకసారి చూపించండి చాలు. కుడి వైపుది వేరే కథ. అది గజ్జల్లోనే ఆగిపోయింది. కండరం లాగితే పైకి పోయింది కాదు. అసలు సంచిలోకి రానే లేదు. ఇది అన్‌డిసెండెడ్ టెస్టిస్."

"ఎందుకు రాలేదు మేడం?" అని పద్మ అడిగింది.

"తల్లి కడుపులో బిడ్డకు ఇవి పొట్ట లోపల తయారవుతాయమ్మా. గుబర్నాక్యులమ్ అని తాడులాంటిది ఒకటి దారి చూపిస్తుంది. హార్మోన్లు పనిచేయాలి, పొట్ట కండరాల ఒత్తిడి ఉండాలి. అన్నీ కుదిరితే ఆఖరి నెలల్లో కిందికి దిగుతాయి. బాబు ఎన్నో నెలలో పుట్టాడు?"

"ఎనిమిదిలోనే వచ్చినాడు మేడం. తక్కువ బరువు."

"నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో ఇది ఎక్కువగా చూస్తాం. దిగడానికి టైము చాలలేదు. కొందరిలో కండరాల జబ్బులుంటాయి, కొందరిలో హార్మోన్ లోపం ఉంటుంది. బాబుకు అలాంటివేమీ కనపడటం లేదు. చాలామందిలో కారణం ఇదీ అని మేమూ చెప్పలేం."

అప్పుడు నేను నోరు తెరిచాను. "ఇది ఎవరి తట్టు నుంచి వచ్చింటాదమ్మా? మా వంశంలో ఇట్లాంటివి లేవు."

పద్మ తల దించుకుంది. డాక్టరమ్మ నా వైపు చూసి, "మీ వంశంలో అందర్నీ పరీక్ష చేసినారా పెద్దాయనా?" అంది. తర్వాత పద్మతో, "నువ్వు తిన్నదాని వల్ల కాదు, మిషను తొక్కినందుకు కాదు, బరువెత్తినందుకు కాదు. ఎవరి తప్పూ కాదు" అంది. నా చిన్నతనం నుంచి వింటున్న మాటలన్నీ ఆమె ఒక్కసారిగా కొట్టేసింది. పద్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అన్ని నెలలూ ఆ పిల్ల ఆ మాటలన్నీ తనకు తానే చెప్పుకుంటోందని నాకు అప్పుడు తట్టలేదు.

"ఆరు నెలల లోపు దానంతట అది దిగాలి. మీవాడికి ఏడాది దాటింది, ఇక దిగదు. ఆర్కిడోపెక్సీ అని చిన్న ఆపరేషన్. కిందికి తెచ్చి సంచిలో కుట్టేస్తాం. ఏడాదిన్నర లోపల చేయిస్తే మంచిది. పొట్ట లోపల వేడి ఎక్కువ. ఆ వేడికి అది పాడైపోతుంది. అక్కడ మెలిక పడే ప్రమాదం కూడా ఉంది."

ఇంత స్పష్టంగా చెప్పింది. వీధి బడి పిల్లవాడికైనా అర్థమయ్యేట్టు చెప్పింది. నేను మాత్రం రెండు వైపుల కథనూ ఒక్క కథ చేసుకున్నాను. "వెచ్చబడితే వదిలేస్తుంది" అన్న ముక్క ఎడమ వైపు గురించి చెప్పింది కదా, దాన్ని తెచ్చి కుడి వైపుకు అతికించుకున్నాను. సంతలో మాకు ఇది అలవాటే. కొనేవాడికి కావలసిన ముక్క కొనేవాడికి, అమ్మేవాడికి కావలసిన ముక్క అమ్మేవాడికి.

బయటికి రాగానే అన్నాను: "ఆ గదిలో ఏసీ చూసినారా? ఆ చలికి ఎవనికైనా పైకే ఎక్కుతాయి. మన తట్టు ఎండలకు రాళ్ళే పగుల్తాయి, ఇది దిగదా? ఎండాకాలం వస్తే దిగుతాదిలే."

"దిగదని చెప్పింది గద మామా ఆయమ్మ" అంది పద్మ.

"కోసేదే వాళ్ళ పని. కోయొద్దని ఎందుకు చెప్తారు?"

ఇంటికొచ్చాక పెద్ద గంగాళంలో నీళ్ళు కాగబెట్టించి, పిల్లవాడికి పోయించాను. కాసేపటికి ఎడమ వైపు దిగింది. "చూడండి!" అని కేకపెట్టాను. సంతలో బేరం తెగినప్పుడు కేకపెట్టినట్టు.

"దిగింది ఒకటే గద మామా."

"రెండోది కూడా దాని వెనకాలే వస్తాదిలే. జత ఇడిచి యాడికి పోతాది?"

రమణ లారీ మీద నుంచి ఫోన్ చేస్తే నేనే మాట్లాడాను. "ఒకటి దిగింది రా, రెండోది దోవలో ఉండాది" అన్నాను. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. నాన్న చూసుకుంటున్నాడు కదా అనుకున్నాడు. ఆపరేషనుకు డాక్టరమ్మ రమ్మన్న నెల వచ్చింది, పోయింది.

నిజంగా నాకు అంత నమ్మకమా అంటే, లేదు. అసలు భయం వేరే ఉంది. ఒకే ఒక్క విత్తు ఉన్న పొట్టేలును సంతలో మేం 'ఒంటిత్తుది' అంటాం. దాన్ని మందలో వదలరు. దాని తాడు పట్టుకుని వచ్చిన మనిషి కూడా తల ఎత్తడు. వందమందిలో ఆ మాట గట్టిగా అరిచి, నవ్వించి, ధర పడగొట్టిన నోరు నాది. ఆసుపత్రికి పోతే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే ఎవడో ఒకడు ఆ మాట నా మనవడి మీద వేస్తాడు. నోరు తిరిగినవాళ్ళు ఎలా వేస్తారో నాకంటే ఎవరికి తెలుసు? అందుకే ఆపాను. ఈ సంగతి పద్మకు అప్పట్లో ఒకసారి సూచనగా చెప్పాను. "గుడ్డలేసుకుంటే ఎవరు చూస్తారు మామా?" అంది. జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను.

ఒక ఎండాకాలం పోయింది. ఇంకోటి వచ్చింది. టీకాలు వేసే నర్సమ్మ రెండుసార్లు గుర్తు చేసింది. పద్మ ప్రతిసారీ అడిగేది. తర్వాత తర్వాత అడగడం మానేసి నా ముఖం చూసేది. ఓబుళమ్మ మటుకు చన్నీళ్ళ స్నానం చేయించినా, వేన్నీళ్ళు పోసినా ఒకే మాట అనేది: "కుడి పక్క అట్లే ఉండాదయ్యా." వేడి చేయాలని నేను ఉలవకట్టు తాగించాను, ఆముదం కాచి పొట్ట మీద రాశాను. లోపలి వేడే దానికి శత్రువని చెప్పిన మాట నా చెవిలో పడి కూడా పడలేదు. పిల్లవాడు పెద్దవాడవుతున్నాడు. సిగ్గు తెలిసి, తలుపేసుకుని తనే స్నానం చేసుకోవడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి చూసేవాళ్ళు లేరు, అనేవాళ్ళు లేరు. దిగిందో లేదో తెలియని జబ్బు ఇంట్లో లేనట్టే అయిపోయింది.

నందు రెండో తరగతిలో ఉండగా, ఒంటిపూట బడుల రోజుల్లో జరిగింది. మధ్యాహ్నం బడి నుంచి వంగి నడుచుకుంటూ వచ్చాడు. ఓబుళమ్మ ఊర్లో ఏదో నామకరణానికి పోయింది. పద్మ షాపులో ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే.

"జేజినాయనా, ఈడ నొప్పిగా ఉండాది" అని కుడి గజ్జల మీద చెయ్యి పెట్టుకున్నాడు. మా తట్టు నాన్నకు నాన్నను జేజినాయన అంటారు.

"పరిగెత్తినావా?"

"లేదు. ఊరికే కూర్చుని ఉంటే వచ్చింది. శానా నొప్పి."

ఇప్పుడు రాయబోయే మాటను రాయకుండా వదిలేద్దామని చాలాసేపు కూర్చున్నాను. నాకు ఆ క్షణాన భయం వేయలేదు. సంతోషం వేసింది. బయట మండే ఎండ. కుడి గజ్జల్లో నొప్పి. ఇన్నేళ్ళకు దిగుతోంది అనుకున్నాను! ఆడవాళ్ళు నమ్మని నా మాట నిజమైంది, సాయంత్రం పద్మ వస్తే ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను.

"ఏం కాదురా. మంచిదే. దిగేటప్పుడు కొంచెం నొప్పి ఉంటాది. మొగోనివి, ఏడవద్దు" అన్నాను. మజ్జిగ తాగించి, మంచం మీద పడుకోబెట్టి, వేడి ఇటుకను గుడ్డలో చుట్టి కాపడం పెట్టాను. వాడు మజ్జిగ కక్కేశాడు. ఎండదెబ్బ అనుకున్నాను. పెదవి కొరుక్కుంటూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కొంతసేపటికి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఏం కాదన్నాను. ఇంకోసారి పిలిచినట్టు గుర్తు. తర్వాత పిలవలేదు. నిద్రపోయాడని అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా పద్మ వచ్చింది. గడప దాటకముందే నా శుభవార్త చెప్పాను. ఆ పిల్ల చేతిలో సంచి కింద పడేసి లోపలికి పరిగెత్తింది.

బిడ్డను నేనే రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో దాకా పరిగెత్తానని ఊర్లో చాలామందికి చెప్పాను. ఎత్తుకున్నది పద్మ. నేను వెనక నడిచాను. నా చేతిలో ఉన్నవి వాడి చెప్పులు.

వేంపల్లెలో డాక్టరు చూసీ చూడగానే కడపకు పొమ్మన్నాడు. కడప ఆసుపత్రిలో రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ తీశారు. అక్కడి సర్జన్ కుర్రవాడు, ముఖం అలిసిపోయి ఉంది. స్కాన్ చూసి, "టార్షన్. మెలిక పడింది, రక్తం పోవడం లేదు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది?" అని అడిగాడు.

పద్మ నా వైపు చూసింది.

"ఇప్పుడే సార్, సాయంత్రమే" అన్నాను.

మంచం మీద నుంచి నందు, కళ్ళు తెరవకుండానే, "లేదు. బడి ఇడిచినప్పటి నుంచి" అన్నాడు.

సర్జన్ కోప్పడలేదు. "తాతా, ఇందులో గంటలే ప్రాణం. నాకు సరైన టైము తెలిస్తేనే ఏం ఆశ పెట్టుకోవాలో తెలుస్తుంది" అని మాత్రం అన్నాడు. నర్సుకు ఏదో చెప్పాడు. పిల్లవాణ్ణి వెంటనే లోపలికి తీసుకుపోయారు. రమణ లోడు దించకుండా లారీని యార్డులోనే వదిలేసి వచ్చాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, జుట్టు కనురెప్పలతో సహా బూడిద రంగు. పద్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. పిలిస్తే నేనూ కింద కూర్చునేవాణ్ణి, పిలవలేదు.

సర్జన్ బయటికొచ్చి వాళ్ళిద్దరితోనే మాట్లాడాడు. "విప్పి చూశామన్నా. వేడి గుడ్డలు కప్పి కాసేపు ఆగి చూశాం, రంగు మారుతుందేమోనని. మారలేదు. నల్లబడిపోయింది. తీసేయాల్సి వచ్చింది. అసలే అది ఎదగలేదు, చిన్నగా ఉంది. ఎడమ వైపుది బాగుంది. అది కూడా ఎప్పుడైనా మెలిక పడకుండా కుట్లు వేసి నిలబెట్టాం."

రమణ తల ఊపాడు. పద్మ, "నొప్పి లేదు గద సార్ ఇప్పుడు వానికి?" అని అడిగింది.

మూడు నాలుగు రోజులకు కుట్టు దగ్గర చీము పట్టింది. జ్వరం. ఇంకో వారం పైగా అక్కడే ఉండాల్సి వచ్చింది. రోజూ డ్రెస్సింగ్ మార్చేటప్పుడు వాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకునేవాడు. నేను కూడా చెయ్యి అందించాను ఒకరోజు. చూశాడు. పట్టుకోలేదు. నొప్పిలో చూసుకోలేదులే అని ఓబుళమ్మతో చెప్పాను.

తర్వాత కర్నూలుకు పోయాం, ఆ డాక్టరమ్మ దగ్గరికే. పాత చీటీ చూపించనక్కర్లేకపోయింది, నన్ను చూసి గుర్తుపట్టింది. "రమ్మన్నాను కదా మిమ్మల్ని" అంది. పాత చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాను. చేతులు రుద్దుకుని నందును పరీక్ష చేసింది, వాడితో బడి గురించి మాట్లాడుతూ. ఎడమ వైపుది గట్టిగా నిలబడిందని, ఇక కండరం లాగినా పైకి పోదని చెప్పింది. ఒకటి బాగుంటే గొంతు మారడానికి, గడ్డం రావడానికి, పెళ్ళికి, పిల్లలకు చాలామందికి చాలుతుందంది. కానీ ఇకమీదట ఉన్నది అదొక్కటే కాబట్టి దాన్ని కాపాడుకోవాలంది. ఆటల్లో గార్డు పెట్టుకోవాలి. వయసొచ్చాక నెలకోసారి తనే తడిమి చూసుకోవడం నేర్పాలి. ఈ జరిగింది వాడికి దాచకుండా చెప్పాలి.

నేను అడిగాను: "అమ్మా, నాది తీసి వానికి పెట్టడానికి కుదురుతుందా? నాకింక దాంతో పని లేదు."

రమణ తల పక్కకు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "కుదరదు పెద్దాయనా" అంది. జీవితంలో నేను వేళాకోళం కాకుండా అడిగిన మాటలు తక్కువ. అందులో అదొకటి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సంతకు పోయాను. నా దగ్గరే పని నేర్చుకున్న ఒక దలారి, పొట్టేలును పట్టుకుని, "ఒంటిత్తుదప్పా, ఎవనిక్కావాల?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేను నేర్పిన అరుపే, నేను నేర్పిన సాగదీతే. టీ గ్లాసు సగంలో పెట్టేసి ఇంటికి వచ్చేశాను. మళ్ళీ పోలేదు. నా చేయి పడ్డ బేరం తప్పలేదని మొదట రాశాను కదా, అది కూడా నిజం కాదు. చాలా తప్పాయి. పొట్టేలు పోతే ఇంకో పొట్టేలును తోలుకొచ్చి సర్దేవాణ్ణి.

ఇప్పుడు నందు నాలుగో తరగతి. సైకిలు తొక్కుతాడు, క్రికెట్ ఆడతాడు, లెక్కల్లో నాకంటే గట్టి. ఏటా ఒకసారి కర్నూలుకు తీసుకుపోతున్నాం, ఆలస్యం కాకుండా. జరిగిన సంగతి వాడికి చెప్పే బాధ్యత రమణ తీసుకున్నాడు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మగపిల్లవాడు పుడితే వెచ్చని గదిలో, వెచ్చని చేతులతో రెండు వైపులా వేరువేరుగా చూడండి. ఒకటి కనపడితే రెండోది కూడా ఉన్నట్టు కాదు. ఎక్కి దిగేది వేరు, అసలు దిగనిది వేరు. ఆ తేడా చెప్పాల్సింది పిల్లల సర్జన్, ఇంట్లో పెద్దవాళ్ళు కాదు. ఆరు నెలలకు రెండూ సంచిలో లేకపోతే చూపించండి, చెప్పిన నెలలో చేయించండి. ఎండాకాలం కోసం చూడొద్దు. దిగకుండా ఉన్నవాడికి గజ్జల్లో ఉన్నట్టుండి నొప్పి వస్తే మజ్జిగ వద్దు, కాపడం వద్దు, ఆ నిమిషమే ఆసుపత్రికి పొండి.

మా ఇంటి సంగతికొస్తే, కాలం అన్నిటినీ మాన్పింది. పిల్లలు త్వరగా మరిచిపోతారు. నందు ఆ మధ్యాహ్నాన్ని ఎప్పుడో మరిచిపోయాడు. ఇప్పుడు ఏ చిన్న దెబ్బ తగిలినా మొదట నా దగ్గరికే పరిగెత్తుకొస్తాడు.

అని ముగించి, ఈ కాగితాలు ఫోనులో ఫోటో తీసి పత్రికకు పంపమని పద్మకు ఇచ్చాను. ఇంట్లో కుడుతున్న మిషను ఆపి, అక్కడే కూర్చుని అంతా చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

"అంతా సరిగ్గానే రాసినావు మామా. ఆఖరి మాట అబద్ధం."

"ఏ మాటమ్మా?"

"వాడేమీ మర్చిపోలేదు. పోయిన నెల సైకిల్ మీద నుంచి పడి మోచెయ్యి వాచిపోతే, నేరుగా షాపుకు నడిచొచ్చినాడు, అంత దూరం, ఎండలో. ఇంటి ముందర్నుంచే వచ్చినాడు. నువ్వు అరుగు మీదే ఉండావంట. 'జేజినాయన ఉండాడు గదరా, చెప్పకపోయినావా' అంటే, 'చెప్తే ఏం కాదంటాడుమా' అన్నాడు." మిషను మీద గుడ్డకు దారం తెంపింది. "వానికి నీ మీద కోపం లేదు మామా. నొప్పొస్తే చెప్పుకోవాల్సింది నీకు గాదని తెలుసుకున్నాడు, అంతే."